ఆగ్నేయానికి తిరిగిన గొడుగులు

(బొమ్మల పెట్టె కథ: 14వ భాగం)

1975 నాటికి శ్రీలంకలో టెలివిజన్ లేదు. అక్కడ ప్రసారాలు మొదలైంది 1979లో. అయినా కొలంబోలో ఒక ఇంట్లో మాత్రం నాలుగేళ్లు ముందే బొమ్మ కనిపించింది. ఆ ఇల్లు ఆర్థర్ సి. క్లార్క్‌ది. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఒక ఉపగ్రహాన్ని ఉంచితే అది భూమితో సమంగా తిరుగుతుందనీ, కింద ఉన్నవాళ్లకు ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుందనీ, అలాంటివి మూడు ఉంటే లోకమంతటికీ కబుర్లు పంపవచ్చనీ 1945లో ఒక పత్రికలో రాసిన మనిషి ఆయన. ముప్ఫై ఏళ్లకు ఆ ఊహ నిజమై ఆయన ఇంటికే వచ్చింది. ఇస్రో ఇంజనీర్లు వెళ్లి ఆ ఇంట డిష్ బిగించి వచ్చారు. అందులో ఆయన చూసినవి మన ప్రభుత్వం మన పల్లెల కోసం తీయించిన కార్యక్రమాలు. పశువుల జబ్బులు, వరి నారు, పసిపిల్లల ఆరోగ్యం, బడి పాఠాలు.

ప్రభుత్వ టీవీని సొంత ఇంట్లో సొంత డిష్‌తో చూసిన తొలి మనుషుల్లో ఆయనొకడు. అదే డిష్ మన ఊళ్లో మామూలు ఇంటి మీదికి ఎక్కడానికి ఆ తర్వాత 29 ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకైందో ఈ వారం చెప్పుకుందాం.

ఈ కథ 2004 డిసెంబరులో మొదలైందని రాస్తుంటారు. నాకు ఒప్పుదల కాదు. అప్పటికి అది మళ్లీ మొదలైంది, అంతే. మధ్యలో డిష్ అనే ఆ గొడుగు ఎన్నో చేతులు మారింది. మొదట ఊరిది. తర్వాత సర్కారు కాంపౌండుది. ఆపైన కేబులాయనది. చిట్టచివర ఇంటివాళ్లది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఎవరికి బొమ్మ అందాలో తేల్చారు.

‘సైట్’ ప్రయోగం గురించి ఈ ధారావాహికలో ఇంతకుముందే వివరంగా రాశాను కనుక ఇక్కడ కావలసినంతే చెబుతాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాది, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు ఆకాశం నుంచి నేరుగా టీవీ అందింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, ఒడియా, కన్నడలతో పాటు తెలుగులోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. వాటి కోసం హైదరాబాదులో ఒక నిర్మాణ కేంద్రం వెలిసింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇందుకోసమే తూర్పు ఆఫ్రికా పైకి, 35 డిగ్రీల తూర్పు రేఖాంశానికి జరిపారు. ఈ ప్రయోగానికి ప్రాణం పోసిన విక్రమ్ సారాభాయ్ దాన్ని చూడకుండానే 1971 డిసెంబరులో వెళ్లిపోయారు.

ఆ ఉపగ్రహమే ఒక గొడుగు. పైకి చేరాక ఊచలు విచ్చుకుని 9 మీటర్ల వెడల్పున తెరుచుకుంది. పైన అంత పెద్దది ఉంది కాబట్టే కింద 3 మీటర్ల డిష్ సరిపోయింది. ఆ కింది డిష్ ఏ ఖరీదైన లోహపు పళ్లెమో కాదు, కోళ్ల గూటికి చుట్టే లాంటి జాలీ. గాలికి ఎగిరిపోకుండా, నలుగురు మనుషులు మోసుకెళ్లి బిగించేంత తేలిగ్గా ఉండాలని అలా చేశారు. సెట్లు తయారైంది హైదరాబాదు ఈసీఐఎల్‌లో. అమెరికా ఉపగ్రహం నుంచి దిగిన బొమ్మ బీహారు పల్లెలోనూ రాజస్థాన్ పల్లెలోనూ కనిపించింది మన హైదరాబాదులో బిగించిన పెట్టెల్లోనే. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మాట.

మన వైపు నుంచి చూస్తే ఆ ఉపగ్రహం పడమటి దిక్కున, ఆకాశంలో సగం కన్నా తక్కువ ఎత్తులో ఉండేది. సాయంత్రం జనం బడి ముందో పంచాయతీ ముందో పోగయ్యే వేళకు పొద్దు అటే వాలుతుండేది. డిష్ కూడా అటే చూస్తుండేది. ఊరికీ ఉపగ్రహానికీ మధ్య టవరు లేదు, పట్నం లేదు, తీగ లేదు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీల మీద నడిపారు. డిష్ ఊరిది, సెట్టు ఊరిది, చూసేది ఊరు ఊరంతా. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకెళ్లారు.

ఆ తర్వాత మన సొంత ఉపగ్రహం రావాలి. 1982 ఏప్రిల్‌లో పైకి వెళ్లిన ఇన్శాట్-1ఎ ఆరు నెలలైనా నిలవలేదు. 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన ఇన్శాట్-1బి నిలబడింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు మళ్లీ సామూహిక సెట్లు ఇచ్చారు. అయితే ఢిల్లీ మనసు అప్పటికే టవర్ల మీదికి మళ్లింది. 1984లో రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున కట్టుకుంటూ పోయిన రోజులు నా ఈడు వాళ్లకు గుర్తే. ప్రతి ట్రాన్స్‌మిటర్ పక్కనా ఒక పెద్ద డిష్ ఉండేది. ఢిల్లీ కార్యక్రమాన్ని ఉపగ్రహం నుంచి అందుకుని టవరుకు ఇచ్చేది అదే. టవరు దాన్ని చుట్టుపక్కల పాతిక కిలోమీటర్లకో ముప్ఫై కిలోమీటర్లకో వెదజల్లేది. అంటే గొడుగు ఊరు దాటి ప్రహరీగోడ లోపలికి వెళ్లింది. గేటు ముందు కాపలా నిలబడింది.

దీనివల్ల మేలు జరగలేదని అనను. కోట్ల మంది మొదటిసారి టీవీ చూసింది టవరు పుణ్యానే. కానీ టవరుకు కొండ అడ్డం. దూరం అడ్డం. అదే ఉపగ్రహం బొమ్మ అరకు లోయ మీదా, నల్లమల మీదా, శ్రీకాకుళం మన్యం మీదా ఒకేలా కురుస్తూనే ఉంది. పట్టుకునే పళ్లెం మాత్రం ఊళ్లో లేదు. పట్నానికి దగ్గరున్నవాడు రెండు అడుగుల కమ్మీ యాంటెన్నాతో చూస్తే, మన్యంలో ఉన్నవాడు వెదురు బొంగుకు యాంటెన్నా కట్టి, దానికింద సత్తు పళ్లెం తగిలించి, తెర మీద ఇసుక రాలుతుంటే అందులో మనుషుల్ని వెతుక్కున్నాడు.

1991 తర్వాత గొడుగు మళ్లీ చేతులు మారింది. గల్ఫ్ యుద్ధం వార్తలతో విదేశీ చానళ్ల రుచి తగిలింది. స్టార్ వచ్చింది, జీ వచ్చింది, 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. ప్రతి బస్తీలో ఒక మేడ మీద పది పన్నెండు అడుగుల డిష్‌లు రెండో మూడో లేచాయి. అక్కడి నుంచి నల్లటి తీగలు స్తంభాల మీదుగా ఇళ్లలోకి పాకాయి. ఆ మేడ కేబులాయనది. నెలనెలా డబ్బులకు వచ్చేదీ ఆయనే. 1995 కేబుల్ చట్టం ఎనిమిదో సెక్షన్ దూరదర్శన్ చానళ్లను కేబుల్‌లో ఇచ్చి తీరాలని చెప్పింది. కాబట్టి పట్నంలో ప్రభుత్వ చానల్ కూడా ప్రైవేటు గొడుగు కిందికి చేరి ఇంటికి వచ్చింది. వంద గడపలు కూడా లేని పల్లెకు తీగ లాగితే కేబులాయనకు గిట్టదు. అక్కడికి ఆయన పోలేదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే సుప్రీంకోర్టులో ఒక పెద్ద మాట పుట్టింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకూ నడిచిన తగాదా అది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం తేల్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. తీర్పులో తన భాగాన్ని ఆయన విడిగా రాశారు. ప్రసారం అటు ప్రభుత్వం గుప్పిట్లోనూ ఉండకూడదు, ఇటు డబ్బున్నవాళ్ల గుప్పిట్లోనూ ఉండకూడదు, ప్రజల తరఫున నడిచే స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలన్నది ఆయన వాదన సారం. అలాంటి స్వతంత్ర సంస్థ కోసం చేసిన ప్రసార భారతి చట్టం 1990లోనే పార్లమెంటు దాటినా అప్పటికి అమలుకు రాలేదు. 1997 సెప్టెంబరులో అమలుకు తెచ్చిన సమాచార శాఖ మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి. ఈయన పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

ఇంతకీ ఆ 1997లోనే, ప్రసార భారతికి రెండు నెలల ముందు, జూలైలో ఇంకో పని జరిగింది. రూపర్ట్ మర్డోక్ సంస్థ మన దేశంలో ఇంటింటికీ చిన్న డిష్ బిగించి కేయూ-బ్యాండ్‌లో చానళ్లు అమ్మడానికి సర్వం సిద్ధం చేసుకుంది. ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో దాన్ని ఆపేసింది. 4800 మెగాహెర్ట్జ్‌కు పైన వచ్చే ప్రసారాలను అందుకునే డిష్ పెట్టుకోవడమే నిషిద్ధమన్నది.

ఒక విదేశీ వ్యాపారి దేశంలోని ప్రతి ఇంటి మేడనూ సొంతం చేసుకుంటాడన్న భయం అర్థం చేసుకోగలను. చట్టం లేకుండా అలాంటి వాణ్ణి రానివ్వకూడదన్నదీ సబబే. కానీ కేయూ-బ్యాండ్‌ను మూసేస్తే మూసుకుపోయింది మర్డోక్ దారి ఒక్కటే కాదు. మన్యం పల్లెకు చిన్న డిష్‌తో దూరదర్శన్ ఇవ్వగల దారి కూడా. నిషేధం సాగిన ఆ మూడేళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

బ్యాండ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. అప్పట్లో మన ఉపగ్రహ టీవీ ఎక్కువగా నడిచిన సీ-బ్యాండ్‌లో తరంగం పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. దాన్ని ఒడిసిపట్టడానికి పెద్ద పళ్లెం కావాలి. 11 వేల మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే కేయూ-బ్యాండ్‌లో తరంగం మూడు సెంటీమీటర్ల లోపే. అంత పొట్టి తరంగానికి 60, 70 సెంటీమీటర్ల పళ్లెం చాలు. ఒక మనిషి చంకన పెట్టుకుని బస్సెక్కి ఊరికి పట్టుకుపోవచ్చు. ఒకే ఒక్క లోటు ఉంది. పొట్టి తరంగాన్ని వాన మింగేస్తుంది. మబ్బు కమ్ముకుని జోరుగా కురిస్తే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. వాన తగ్గాక తిరిగి వస్తుంది.

2000 నవంబరులో నిషేధం ఎత్తేశారు. 2001లో నిబంధనలు వచ్చాయి. 2003లో ప్రైవేటు డీటీహెచ్, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికే వచ్చే టీవీ, మొదలైంది. 2004 డిసెంబరు 16న ప్రధాని మన్మోహన్ సింగ్ ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ను ప్రారంభించారు. అప్పుడు సమాచార శాఖ మళ్లీ జైపాల్ రెడ్డి చేతిలోనే ఉంది. 33 చానళ్లు. నెల బిల్లు లేదు. కార్డు లేదు. సంతకం లేదు. పెట్టె, డిష్ బజారులో ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

ప్రభుత్వం ఈ పనికి దిగింది ప్రైవేటు వాళ్లతో పోటీకి కాదు. టవర్లు చేరని జనాభా ఇంకా మిగిలే ఉంది. కొండల్లో, సరిహద్దుల్లో, ఈశాన్యంలో. ఆ చివరి ఊళ్ల కోసం టవర్లు కట్టుకుంటూ పోతే కట్టడానికీ ఖర్చే, కాపలాకీ ఖర్చే. ఉపగ్రహం నుంచి నేరుగా ఇస్తే అన్నిటికీ ఒకటే ఖర్చు. అంటే 1975లో సైట్ రుజువు చేసి చూపిన లెక్కనే 2004లో మళ్లీ వేశారు. ఢిల్లీలోని తోడాపూర్ కేంద్రం నుంచి చానళ్లన్నీ పైకి వెళ్తాయి. మొదట్లో అవి దిగింది 95 డిగ్రీల తూర్పున ఉన్న ఎన్ఎస్ఎస్-6 అనే అద్దె ఉపగ్రహం నుంచి. 2007 మార్చిలో మన ఇన్శాట్-4బి పైకి వెళ్లాక 93.5 డిగ్రీలకు మారాయి. 2015 నవంబరులో వెళ్లిన జీశాట్-15 కూడా ఆ 93.5 దగ్గరే నిలిచింది.

95 నుంచి 93.5కు మారడమంటే ఆకాశంలో పదకొండు వందల కిలోమీటర్లు. ఇంటి మీద డిష్‌కు మాత్రం బోల్టు వదులు చేసి వేలెడంత జరపడం. ఆ వేలెడంత కోసం దేశమంతా మేడలెక్కింది.

2008 వేసవిలో నేనూ ఎక్కాను. విజయనగరం జిల్లాలో మా మేనత్త వాళ్ల ఊరు. కేబులు రాని ఊరు, టవరు బొమ్మ సగం చుక్కలే. మావయ్య పార్వతీపురం నుంచి డిష్, పెట్టె, పది గజాల తీగ పట్టుకొచ్చాడు. బిగించే మనిషి ఆ వారం రాలేనన్నాడు. ఇక మావయ్య పానా పట్టుకుంటే నేను పళ్లెం పట్టుకున్నాను. దిక్కు ఆగ్నేయం, కాస్త దక్షిణం వైపు. అదెటో తెలుసుకోవడానికి దిక్సూచి ఎందుకు? తెలుగువాళ్ల ఇంట్లో వంటిల్లు ఉండే మూలే అది. వంటింటి పెంకుల మీదుగా చూస్తూ పళ్లెం ఎత్తాం. మన ప్రాంతం నుంచి ఆ ఉపగ్రహం 60 డిగ్రీలకు పైన, దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. కానీ ఇళ్ల మీది చిన్న పళ్లేనికి ముందున్న కొమ్ము కిందికి వంచి ఉంటుంది కాబట్టి అది చూడడానికి అంత ఎత్తుకు చూస్తున్నట్టు కనిపించదు. కొత్తవాళ్లు పొరపడేది అక్కడే. మేమూ పొరపడ్డాం.

“వచ్చిందా అత్తా?”

“నీలం తెరేరా.”

“ఇప్పుడు?”

“నీలమే.”

మావయ్య ఓపిక అయిపోవస్తోంది. అటు పక్క మేడ మీద పిల్లలు చేరి చోద్యం చూస్తున్నారు. గంటన్నర గడిచింది. పెట్టెలో క్వాలిటీ గీత ఒక్క క్షణం ఎర్రగా లేచి పడిపోయింది. పళ్లెం దించింది చాలదని అర్థమై ఇంకో రవ్వంత కిందికి నొక్కాను.

“ఉండుండు, కదపకురా! ఎవరో మాటాడతన్నారు!”

మావయ్య బోల్టు బిగించాడు. కిందికి దిగేసరికి అత్త తలుపు పట్టుకుని నిలబడి ఉంది. హైదరాబాదు నుంచి సప్తగిరి చానల్ వస్తోంది. ఒక్క చుక్క లేదు. ఏళ్ల తరబడి ఇసుక వానలో మనుషుల్ని వెతుక్కున్న ఇంట్లో వార్తలు చదువుతున్నామె ముక్కుపుడక మెరుపు కూడా కనిపిస్తోంది. అత్త చాలాసేపు ఏమీ అనలేదు. “ఇంత తెల్లగా ఉంటాదన్నమాట” అంది చివరికి.

ఆ పెట్టెలో తర్వాత చానళ్లు పెరిగాయి. పేరు ‘డీడీ ఫ్రీ డిష్’ అయ్యింది. మేడల మీద పళ్లేలు బిగించే కుర్రాళ్ల నోట 29500 అనే అంకె పాఠంలా ఉండేది. వెతకమని పెట్టెకు చెప్పేటప్పుడు నొక్కాల్సిన సింబల్ రేటు అది. ఒకటిన్నర, రెండు వేల రూపాయలు ఒక్కసారి పెడితే చాలన్న మాట కూలీల కాలనీల్లో, ఇటుక బట్టీల దగ్గర, తండాల్లో నోటి మాటగానే పాకింది. ప్రకటనలు పెద్దగా లేవు. అమ్మే కంపెనీ లేదు. నేడు 4 కోట్లకు పైగా ఇళ్లలో ఉందని పరిశ్రమ అంచనా. దేశంలో అంతకు మించిన డీటీహెచ్ లేదు. అయితే ఖచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా ఉండదు. బిల్లు లేనిచోట చిట్టా కూడా ఉండదు. ఏ పెట్టె ఏ ఇంట్లో ఉందో ప్రసార భారతికి తెలియదు. చూసేవాడి పేరు అడగకుండా ఇచ్చే సేవ ఇది. నేను దీన్ని గౌరవించడానికి ఇదొక కారణం.

డబ్బు మరి ఎక్కణ్నుంచి వస్తుంది? 2011 నుంచి ఖాళీ జాగాలను ప్రైవేటు చానళ్లకు వేలం వేయడం మొదలుపెట్టారు. వేలంలో ఒక్కో జాగా కోట్లు పలికింది, ఏటా వందల కోట్లు వచ్చాయి. చూసేవాడు కట్టడు, చూపించేవాడు కడతాడు. ఉత్తరాదిలో దీని ప్రభావం అంతా ఇంతా కాదు. పెద్ద నెట్‌వర్కులు తమ పాత హిందీ సీరియళ్లతో ఫ్రీ డిష్ కోసమే చానళ్లు నడిపాయి. 2019లో చానళ్ల ధరలకు కొత్త టారిఫ్ విధానం రాగానే వాటిని వెనక్కి లాగేశాయి. 2020లో మళ్లీ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ పోయాయి. పల్లె ఇంట్లో సీరియల్ మధ్యలో చానల్ మాయమైతే ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు. బిల్లు కట్టనివాడికి ఫిర్యాదు చేసే కిటికీ కూడా లేదు.

క్రికెట్ విషయంలో మాత్రం ఫ్రీ డిష్ ఇల్లు ఒక మెట్టు పైనే ఉంది. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెప్పింది. దూరదర్శన్ ఆ సిగ్నల్‌ను తన టవర్లకూ తన డీటీహెచ్‌కూ తప్ప కేబుల్ వాళ్లకు ఇవ్వకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి కొన్ని మ్యాచ్‌లు నెలనెలా డబ్బు కట్టే కేబుల్ ఇంట్లో ప్రభుత్వ చానల్లో రావు, ఏమీ కట్టని ఫ్రీ డిష్ ఇంట్లో వస్తాయి.

ఇక నా మనసులో ఉన్న మాట. ఈ గొడుగు కింద తెలుగుకు చోటు చాలా తక్కువ. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు కేంద్రం చానల్ యాదగిరి అయింది, విజయవాడది సప్తగిరి అయింది. అవి రెండూ ఉన్నాయి. అవి కాక తెలుగులో వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వేలం పెట్టినప్పుడు హిందీ చానళ్ల డబ్బు సంచి పెద్దది, జాగాలు అటే పోతాయి. మన ప్రైవేటు చానళ్లకు ఇంకో చిక్కు ఉంది. కేబుల్, డీటీహెచ్ సంస్థలు వాటికి చందా డబ్బు ఇస్తాయి. అదే చానల్ ఆకాశంలో ఉచితంగా దొరికితే చందా ఎవరిస్తారు? అందుకే తెలుగునాట ఫ్రీ డిష్ కొన్న ఇల్లు ఎక్కువగా హిందీయే చూస్తుంది, లేదా డిష్‌ను తుప్పు పట్టనిచ్చి కేబుల్‌కు పోతుంది. వేలంపాటలో భాషలకు విడివిడిగా చోటు కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రజల ఆస్తిని పాడుకునేటప్పుడు ప్రజల భాషలను చూడకపోతే ఎలా? సైట్ కాలంలో ఒకే బొమ్మకు రెండు శబ్ద మార్గాలు పెట్టి రెండు భాషల వాళ్లకు వినిపించిన దేశం మనది. ఉన్నదల్లా ఒక్క చానలే, అయినా నాలుగు భాషలకు చోటు చేశారు.

అండమాన్ సంగతి ఇక్కడే చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫ్రీ డిష్ కేయూ-బ్యాండ్ కిరణం ఆ దీవులకు అందదు. అందుకని దూరదర్శన్ వాళ్లకు సీ-బ్యాండ్‌లో, కాస్త పెద్ద డిష్‌తో వేరే ఏర్పాటు చేసింది. చానళ్లు కొన్నే. కానీ సముద్రం మధ్య ఉన్న కొన్ని లక్షల మంది కోసం విడిగా ఒక గొడుగు పట్టడం ప్రభుత్వ సంస్థ తప్ప ఎవరూ చేయని పని.

2020 మార్చిలో దేశం తలుపులు మూసుకుంది. ఆ నెల 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని మళ్లీ వేసింది, దాని గురించి అందరూ రాశారు. నాకు అంతకన్నా పెద్దదిగా తోచేది పాఠాలు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పిల్లలకు సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ తరగతులు నడిచాయి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి, ఉన్నా సిగ్నల్ దొరకని ఊరికి ఆ పళ్లెమే బడి అయింది. సైట్‌లో కూడా రోజూ పొద్దున గంటన్నర బడి పిల్లలదే. ఆ తర్వాత రెండేళ్లలో దూరదర్శన్ పాత టవర్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు కేబుల్‌కు డబ్బు కట్టలేని ఇంటికి ప్రభుత్వ టీవీ అంటే ఆ డిష్ ఒక్కటే.

2020 ఏప్రిల్‌లో అత్త ఫోన్ చేసింది. మనవరాలు పదో తరగతి. లెక్కల పాఠం మధ్యలో బొమ్మ ఆగి ఆగి వస్తోందట. వాన లేదు, మబ్బు లేదు. పన్నెండేళ్ల కిందట మేం డిష్ బిగించిననాడు వంటింటి పక్కన నడుమెత్తు ఉన్న కొబ్బరి మొక్క ఇప్పుడు పెంకుల పైకి పోయింది. దాని మట్ట ఒకటి డిష్‌కు అడ్డంగా వాలింది. నేను ఫోన్‌లోనే ఉన్నాను. మావయ్య కత్తి పట్టుకుని మేడెక్కిన చప్పుడు, మట్ట విరిగి పెంకుల మీద పడ్డ చప్పుడు వినిపించాయి.

“వచ్చిందా?” అని ఆయన పైనుంచి అరిచాడు.

ఈసారి జవాబు చెప్పింది పిల్ల. “వచ్చింది తాతా, మాటాడకు. లెక్క చెబుతున్నారు.”

(సశేషం)